ఎకరానికి 14 మంది ఓనర్లు, ఊళ్లో మాత్రం ఒక్కరూ లేరు



పైన పెట్టిన వీడియోలో ఈసారి పంట లేదు. షాద్‌నగర్ నుంచి షాబాద్ మీదుగా చేవెళ్ల దాకా బండి మీద పోతూ, రోడ్డుకు రెండు దిక్కులా ఏం కనిపిస్తే అది తీశాను. ఆర్చీలు, రంగురంగుల జెండాలు, పాతిన కడీలు, బ్లేడు తిప్పిన మట్టి రోడ్లు, నడుమ నడుమ మొక్కజొన్న, పత్తి. "ప్రకృతి వ్యవసాయం చెప్పే మనిషివి, నీకు ఈ రియల్ ఎస్టేట్ ముచ్చట ఎందుకన్నా?" అని కొందరు అడుగుతారు. జీవామృతం పోయాలంటే ముందు భూమి ఉండాలి కదా. అందుకే ఈ ముచ్చట.

మామూలుగా వినిపించే మాట ఇది: "జనాభా పెరుగుతోంది, హైదరాబాద్ పెరుగుతోంది, చుట్టుపక్కల ఊళ్లు అందులో కలవక తప్పదు." ఈ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. జనం వచ్చినంత మాత్రాన వ్యవసాయం ఆగిపోదు. వచ్చినోళ్లు తినాలి కాబట్టి రైతుకు ఇంకా గిరాకీ ఉండాలి. మా వైపు పొలాలను పడావు పెట్టింది వచ్చిన జనం కాదు. కొని పెట్టి, రాకుండా ఉన్న జనం. నా వాదన మొత్తం ఇంతే. ఎందుకు అంటున్నానో ఒక్కొక్కటి చెప్తాను, ఓపికతో చదవండి.

జనం ఎట్ల పెరిగారు?

ముందు లెక్క చూద్దాం. 2001లో ఉమ్మడి రంగారెడ్డి జిల్లా జనాభా సుమారు 35 లక్షల 75 వేలు. 2011 నాటికి దాదాపు 53 లక్షలు. అంటే పదేళ్లలో 48 శాతం పెరిగింది. అదే పదేళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద పెరిగింది 11 శాతమే. ఇది ఇళ్లలో పిల్లలు ఎక్కువ పుట్టడం వల్ల వచ్చిన తేడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో మహిళకు సగటున 1.8 మంది పిల్లలు. జనాభా ఉన్నకాడికి నిలవాలన్నా 2.1 ఉండాలి. ఇక్కడ జనం పుట్టి పెరగలేదు, వచ్చి పెరిగారు.

ఎందుకు వచ్చారో అందరికీ తెలిసిందే. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు విడతలు విడతలుగా పూర్తయింది. కొత్తూరు, నందిగామ, షాద్‌నగర్ బెల్టులో కంపెనీలు, గోదాములు లేచాయి. ఇప్పుడు ఔటర్ కూడా లోపలిదైపోయింది. దాని బయట ఇంకో 340 కిలోమీటర్ల రీజినల్ రింగ్ రోడ్డు అంటున్నారు. అటు కందుకూరు దిక్కు 56 ఊళ్లతో ఫ్యూచర్ సిటీ అంటున్నారు. రోడ్డు గీత కాగితం మీద పడుతుందో లేదో, ఇక్కడ పొలంలో కడీ పడుతుంది. రోడ్డు రావడానికి పదేళ్లు పట్టొచ్చు. కడీ పాతడానికి ఒక్క పూట చాలు.

వచ్చినోళ్లు ఎవరు?

మా చుట్టుపక్కల నేను చూసేది నాలుగు రకాల మనుషులను.

మొదటి రకం, కంపెనీల్లో పనిచేసే వాళ్లు. బిహార్, ఒడిశా, యూపీ నుంచి, మన మహబూబ్‌నగర్, నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన వాళ్లు. ఊళ్లో రూములు కిరాయికి తీసుకుని ఉంటారు. ఒక్కో రూములో నలుగురైదుగురు. నిజంగా పెరిగిన జనాభా అంటే వీళ్లే. పొద్దున షిఫ్టు దిగి వచ్చేటప్పుడు టమాట, ఆలుగడ్డ, పాల ప్యాకెట్ కొనేది వీళ్లే. కుటుంబంతో వచ్చిన వాళ్ల పిల్లలు సర్కారు బడిలో చేరి ఆరు నెలల్లో తెలుగు మాట్లాడుతున్నారు. పిల్లల్లేక మూతపడుతుందేమో అనుకున్న బడిలో మళ్లీ బెంచీలు నిండాయంటే వీళ్ల పుణ్యమే. కానీ గ్రామసభలో వీళ్ల పేరు ఉండదు, ఓటు ఉండదు, రేషన్ చాలామందికి సొంతూళ్లోనే ఉంటది.

రెండో రకం, వెంచర్‌లో ప్లాటు కొని నిజంగానే ఇల్లు కట్టుకున్న వాళ్లు. పట్నంలో కొనలేక ఇంత దూరం వచ్చిన చిన్న ఉద్యోగులు, రిటైరైన టీచర్లు, విమానాశ్రయం దిక్కు పనిచేసేవాళ్లు. వీళ్ల బతుకు బ్రోచర్‌లో చూపించినట్టు లేదు. వంద ప్లాట్ల వెంచర్‌లో నాలుగు ఇళ్లు ఉంటే వీధి దీపం ఎవరు పెడతారు? రాత్రి ఎనిమిది దాటితే బస్సు లేదు. పిల్లలను దింపడానికి పొద్దున గంట, సాయంత్రం గంట రోడ్డు మీదే. ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ ప్లాట్లలో మనిషెత్తు పిచ్చిచెట్లు, వాటిలో పాములు, పందులు. పెద్దవాళ్లకు రాత్రిపూట గుండెలో నొప్పి వస్తే పెద్దాసుపత్రి దాకా ఎట్ల పోవాలన్నదే వీళ్ల భయం. వీళ్లను చూస్తే నాకు కోపం రాదు, పాపం అనిపిస్తది. రైతు పొలం పోగొట్టుకున్నాడు, వీళ్లు ఊరు దొరక్క ఒంటరైపోయారు.

మూడో రకం, ఫామ్‌హౌస్ వాళ్లు. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం రాత్రి పోతారు. ఇద్దరు ముగ్గురు మంచోళ్లు ఉన్నారు, ఆవులు పెట్టారు, మామిడి పెట్టారు, మమ్మల్ని అడిగి చేస్తారు. ఎక్కువ మందికి మాత్రం లాన్ కావాలి. ఎండాకాలం కూడా పచ్చగా ఉండాలి. ఆ పచ్చదనం ఎక్కడి నుంచి వస్తుందో కింద నీళ్ల దగ్గర చెప్తాను.

నాలుగో రకం, అన్నింటికన్నా ఎక్కువ ఉన్న రకం: రాని వాళ్లు. రిజిస్ట్రేషన్ రోజు వచ్చి, కడీ పక్కన ఫొటో దిగి, మళ్లీ మొహం చూపించని వాళ్లు. కూకట్‌పల్లిలో ఉంటారు, బెంగళూరులో ఉంటారు, డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉంటారు. తప్పు చేశారని అనను. కష్టపడి దాచుకున్న డబ్బు, బిడ్డ పెళ్లికో చదువుకో అక్కరకొస్తుందని పెట్టారు. కానీ ఆ దాచుకున్న డబ్బు కింద మా ఊరి భూమి ఊపిరాడకుండా ఉంది. ఈ మాట వాళ్లకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా.

ఎకరం లెక్క

ఎకరం అంటే 4,840 గజాలు. రోడ్లకు, పార్కుకు, మిగతా వాటికి నలభై శాతం పోతే ఉండేది సుమారు 2,900 గజాలు. 200 గజాల ప్లాట్లు వేస్తే 14 వస్తాయి. అంటే ఒక్క రైతు పేరు మీద ఉన్న ఎకరం 14 మంది పేర్ల మీదకు పోయింది. పదెకరాల వెంచర్ అంటే 140 మంది ఓనర్లు.

ఒక రైతు ఇంకో రైతుకు అమ్మితే భూమి చేతులు మారుతుంది, సాగు ఆగదు. అమ్మినాయన కౌలుకు అడిగినా దొరుకుతుంది. కానీ 140 మందిగా చీలిన పదెకరాలను మళ్లీ ఒక్క దుక్కి కిందికి తేవాలంటే 140 మందిని ఒప్పించాలి. సగం మంది ఫోన్ నంబర్లు మారిపోయి ఉంటాయి. కొందరు అమ్మేసి ఉంటారు, కొందరు చనిపోయి ఉంటారు, వారసుల మధ్య కేసులు ఉంటాయి. ఇళ్లు రావు, పంట రాదు. పదేళ్లు, పదిహేనేళ్లు అట్లనే పడావు. జనాభా పెరిగి భూమి చాలక వ్యవసాయం పోయిందంటే నమ్మొచ్చు. మా కళ్ల ముందు ఉన్నది మనిషీ లేని, మొక్కా లేని నేల.

అగ్రికల్చర్ డిప్లొమాలో మాకు మొదట చెప్పిన పాఠాల్లో ఒకటి: అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. వెంచర్ వేసేటప్పుడు బ్లేడు పట్టి చదును చేస్తే అది ఒక్క రోజులో గీసుకుపోతుంది. చెరువు మట్టి తోలి, పశువుల ఎరువు వేసి, ముత్తాతల కాలం నుంచి కాపాడుకున్న మట్టి అది. ఎకరం మీద ఎన్ని లక్షలు వచ్చాయని అడుగుతారు గానీ, ఆ మట్టి ఏ లెక్కలో పోయిందని ఎవరూ అడగరు.

ఇందులో ముందుగా దెబ్బ తిన్నది పట్టాదారు కాదు, కౌలు రైతు. పట్టాదారుకు డబ్బన్నా వచ్చింది. ఇరవై ఏళ్లు అదే పొలం దున్నిన కౌలుదారుకు ఏం రాలేదు. ఎకరానికి ఏడాదికి 12 వేల రైతు భరోసా కూడా పాసుపుస్తకం ఉన్నాయనకే వస్తది. మా ఊళ్లో కౌలు చేసిన వాళ్లలో కొందరు ఇప్పుడు అదే వెంచర్‌కు వాచ్‌మన్లు. తాను కూరగాయలు పండించిన జాగలోనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒకాయన నాతో అన్నాడు, "పని సుఖమే తమ్మీ, కాని చేతులు ఊరుకుంటలేవు" అని.

నీళ్ల సంగతి

మిషన్ భగీరథలో పల్లెలకు మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలకు 135 లీటర్లు అని లెక్క వేశారు. ఊరు పల్లె కింద ఉంటే పల్లె లెక్కే. పాత ఊరికి నల్లా వస్తది. కొత్త కాలనీకి, కిరాయి రూములకు చాలకపోతే ఎవరికి వాళ్లు బోరు వేస్తారు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి. రాత్రి పూట వచ్చి తెల్లారేసరికి పోయే బోరు బండిని ఎవరు అడుగుతారు?

రైతు బోరు, కాలనీ బోరు, ఫామ్‌హౌస్ బోరు అన్నీ కింద ఒకే నీళ్లను లాగుతాయి. మనం ప్రకృతి వ్యవసాయంలో ఆచ్ఛాదన వేసి, నేలను కప్పి, తడి నిలబెట్టి, మూడు తడుల కాడ రెండు తడులతో సరిపెడతాం. అట్ల మిగిల్చిన నీళ్లు పక్కన లాన్‌కు పోతే మనం పడ్డ కష్టం ఎవరి ఖాతాలో పడ్డట్టు?

ఇంకా పెద్ద సమస్య ఒర్రెలు, కుంటలు. మన తాతలు కట్టింది గొలుసుకట్టు. పై కుంట మత్తడి దూకితే కింద చెరువుకు నీళ్లు. నడుమ ఒర్రె మీద మట్టి పోసి రోడ్డు వేశారంటే పై కుంట నిండి పొలాలు మునుగుతాయి, కింద చెరువు ఎండుతుంది. వానొచ్చిన రోజు కాలనీలో మోకాటి లోతు నీళ్లు అని వీడియోలు పెడతారు. ఆ నీళ్లు దారి తప్పి వాళ్ల ఇంటికి రాలేదు. వాళ్ల ఇల్లే నీళ్ల దారిలో ఉంది.

ఈ సంగతి హైదరాబాద్‌కు వందేళ్ల కింద తెలుసు. 1908 మూసీ వరద తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, ఇంకోటి 1927లో పూర్తయ్యాయి. వాటికి నీళ్లొచ్చే ప్రాంతాన్ని కాపాడాలని 1996లో 84 ఊళ్లకు 111 జీవో పెట్టారు. దాంతో ఏమైంది? కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు, రైతుకు మాత్రం ఏ ఆదాయం చూపించలేదు. పక్క ఊళ్లో భూమి ధర ఆకాశంలో, తమ ఊళ్లో నేల మీద. ఆ ఊళ్ల రైతులే జీవో తీసేయండని అడిగారు. ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు ఎట్లాగూ లేచాయి. నాకు దీంట్లో కనపడే పాఠం ఒకటే. ఆంక్ష ఒక్కటే పెట్టి భూమిని నిలబెట్టలేం. ఆ భూమి మీద రైతుకు ఇల్లు గడిస్తేనే అది నిలబడుతుంది.

ఆవు ఎక్కడ మేయాలి?

ఇది పూర్తిగా మన ప్రకృతి వ్యవసాయం వాళ్ల బాధ. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం చేయాలంటే పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం కావాలి. ఒక్క నాటు ఆవుతో 30 ఎకరాలు చేయొచ్చని పాలేకర్ గారు చెప్తారు. సరే, ఆ ఒక్క ఆవు మేయడానికి జాగ ఏది? ఇంతకుముందు కోతలైన పొలాలు, గట్లు, బంచరాయి, చెరువు శిఖం, అన్నీ మేత జాగలే. ఇప్పుడు సగం కంచెల లోపల ఉన్నాయి. కంచె లోపల గడ్డి మనిషెత్తు పెరిగి ఎండిపోతుంది. కంచె బయట ఆవు ప్లాస్టిక్ కవరు నములుతుంది. ఎండాకాలం ఎవరో బీడీ విసిరితే ఆ ఎండు గడ్డి అంటుకుని పక్క మామిడి తోట దాకా వస్తది.

మేత కొని ఆవును పెంచలేక ఎంతమంది అమ్ముకున్నారో మా వైపు అందరికీ తెలుసు. గొర్ల కాపర్లు మంద తోలుకుని ఇంకా దూరం పోతున్నారు. ఇంతకుముందు ఎండాకాలంలో పొలంలో గొర్ల మంద పెట్టించుకునేవాళ్లం. ఇప్పుడు మందను పిలవాలంటే వాళ్లు వచ్చే దారే లేదు, దారి మీద గేటు ఉంది.

ఇంకోపక్క కాలనీల్లో, రూముల దగ్గర తడి చెత్త. కూరగాయ తొక్కలు, మిగిలిన అన్నం, ఆకులు. 2019లో పల్లె ప్రగతి మొదలైన తర్వాత ప్రతి పంచాయతీకి ట్రాక్టర్ వచ్చింది, డంపింగ్ యార్డు వచ్చింది. కానీ తడి, పొడి కలిపి తెచ్చి పోసి, పొగబెడుతున్నారు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యర్థాలతో కరెంటు తీస్తున్నారు. మనకు అంత పెద్ద ప్లాంటు అక్కర్లేదు. తడి చెత్త వేరుగా ఇస్తే గుంత తీసి, పేడనీళ్లు చల్లి, మూడు నెలల్లో ఎరువు చేయొచ్చు. పొలానికి కావాల్సిన సరుకు ఊరి చివర కాలుతుంటే, రైతు డబ్బులు పెట్టి ఎరువు బస్తా తెచ్చుకుంటున్నాడు.

కూరగాయ ఎందుకు వంద కిలోమీటర్లు తిరగాలి?

ఇది అన్నింటికన్నా నవ్వొచ్చే ముచ్చట. మా వైపు టమాట, బీర, కాకర తెల్లవారుజామున ఆటో ఎక్కి బోయిన్‌పల్లికో గుడిమల్కాపూర్‌కో పోతాయి. అక్కడ కమీషన్, హమాలీ, ఆటో కిరాయి తీసేసి చేతికొచ్చింది తీసుకుంటాం. అవే కూరగాయలు మళ్లీ వ్యాన్ ఎక్కి షాద్‌నగర్ దుకాణానికి వస్తాయి. వాటిని మా పొలానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న కాలనీ అక్క కొంటుంది. ఆమెకు వాడిపోయిన కూరగాయ, నాకు సగం ధర, నడుమ వంద కిలోమీటర్ల డీజిల్.

1999లో రైతుబజార్లు పెట్టిందే రైతును, కొనేటాయనను ఎదురెదురు నిలబెట్టడానికి. అప్పుడు జనం మెహిదీపట్నంలో ఉన్నారు కాబట్టి రైతు అక్కడిదాకా పోవాల్సి వచ్చింది. ఇప్పుడు జనమే మా దగ్గరికి వచ్చారు. ఇంకా మేమెందుకు పోవాలి? అందుకే గత రెండేళ్లుగా మేం నలుగురం రైతులం కలిసి, వారానికి రెండు రోజులు కాలనీ గేటు దగ్గర, ఒక రోజు కంపెనీ షిఫ్టు దిగే టైముకు రోడ్డు పక్కన బండి పెడుతున్నాం. గేటు దగ్గర ఆకుకూరలు, నాటు టమాట, నెయ్యి పోతాయి. కంపెనీ రోడ్డులో ఆలుగడ్డతో పాటు కాకర, బెండ, పచ్చిమిర్చి పోతాయి. బిహార్ తమ్ముళ్లు కాకరకాయ ఇష్టంగా కొంటారు, మాకు మొదట తెలియదు. వాళ్ల కోసం ఈసారి కాకర పందిరి పెంచాం.

లక్షలు వస్తున్నాయని చెప్పను. అట్ల చెప్పే వీడియోలు మస్తు ఉన్నాయి, నాది ఆ బాపతు కాదు. మార్కెట్‌కు పోతే వచ్చేదానికన్నా నయంగా వస్తుంది, డబ్బులు ఆ రోజే చేతికొస్తాయి. అంతకన్నా ముఖ్యం, కొనేవాళ్లకు ఈ పొలం ఎవరిదో తెలిసింది. పేడ వాసన వస్తుందని పంచాయతీకి ఫిర్యాదు చేసిన కాలనీ వాళ్లే ఇప్పుడు ఆదివారం పిల్లలను తీసుకుని పొలానికి వస్తున్నారు. ఒర్రె మీద మట్టి పోస్తుంటే మాతోపాటు వచ్చి అడ్డం నిలబడింది కూడా వాళ్లే. జనం పెరగడం మంచిదే అని నేను అనడానికి కారణం ఇది.

అమ్మినోళ్లను తిట్టకండి

ఒక మాట గట్టిగా చెప్పాలి. "రైతు భూమి అమ్ముకుని కారు కొన్నాడు" అని ఎగతాళి చేసే వీడియోలు చూస్తుంటాను. దయచేసి అట్ల మాట్లాడొద్దు. మా దగ్గర ఎక్కువ మంది అమ్మింది ఆసుపత్రి అప్పు తీర్చడానికి, బిడ్డ పెళ్లికి, అన్నదమ్ముల పంపకాలకు. బోర్లు వేసి వేసి విసిగి కొందరు. చుట్టూ మూడు దిక్కులా వెంచర్ వచ్చి, దారి మూసుకుపోయి, నడుమ ఉన్న రెండెకరాలు చేసుకోలేక ఇంకొందరు. ఈ చివరి రకం అమ్మకాన్ని ఇష్టపడి అమ్మడం అని ఎట్ల అంటాం? పొలానికి బండ్లబాట పోయిన నాడే ఆ భూమి సగం అమ్ముడుపోయినట్టు.

భూమి ధర పెరిగి నాలుగు కుటుంబాలు బాగుపడ్డాయి, పిల్లలు చదువుకున్నారు, అది కూడా నిజమే. ఊరికి రోడ్డు బాగుపడింది, మెడికల్ షాపులు వచ్చాయి, పాలకు గిరాకీ పెరిగింది. ఇవన్నీ వద్దని, పాతకాలమే బంగారమని చెప్పడానికి ఈ పోస్ట్ రాయలేదు. మిగిలిన భూమి గురించే నా తండ్లాట.

ఏం చేయొచ్చు?

ప్లాటు కొని పెట్టిన అన్నలకు, అక్కలకు మొదటి మాట. మీరు ఇల్లు కట్టేదాకా ఆ జాగను పంటకు ఇవ్వండి. కడీలు తీయాల్సిన పని లేదు, వాటి నడుమ అలసంద, పెసర, జొన్న, పశుగ్రాసం చల్లుకోవచ్చు. పైమట్టి గీసిన నేల కాబట్టి మొదటి ఏడాది నవధాన్యాలు చల్లి కలియదున్నాలి. కౌలుదారు హక్కు అడుగుతాడేమోనని మీకు భయం ఉంటే పదకొండు నెలల రాతకోతలు చేసుకోండి. మీకు పిచ్చిచెట్లు కొట్టించే ఖర్చు తప్పుతుంది, మీ హద్దుల మీద ఒక కన్ను ఉంటది. ఒక్కరొక్కరుగా అయితే కుదరదు. వెంచర్ వాట్సాప్ గ్రూపులో మాట్లాడి పది ప్లాట్లు పక్కపక్కన కలిపి ఇస్తే మా వైపు తీసుకునే రైతులు ఉన్నారు.

కాలనీల్లో ఉంటున్న వాళ్లకు రెండో మాట. ఇక్కడివాళ్లుగా నమోదు అవ్వండి. పంచాయతీలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లో జనాభా పెద్ద లెక్క. పదిహేనో ఆర్థిక సంఘం తీసుకున్నది 2011 జనాభానే. ఊళ్లో మనుషులు పెరిగినా నిధులు పాత లెక్కకే వస్తున్నాయంటే నల్లా ఎట్ల వస్తది, వీధి దీపం ఎట్ల వస్తది? 2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయి, ఇప్పుడు 2027 ఫిబ్రవరికి వచ్చింది. ఓటు, ఆధార్ పట్నంలో ఉన్నా సరే, మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడే లెక్కలో చేరాలి. కిరాయి రూముల్లో ఉండే కార్మికులకు కూడా ఇంటి ఓనర్లు ఈ మాట చెప్పాలి. లెక్కలో లేని మనిషికి ఏ పథకంలోనూ నీళ్లు ఉండవు.

మూడో మాట, ఇంటి పైకప్పు గురించి. వంద చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్ల నీళ్లు. ఒక్క మంచి వానకే అన్ని నీళ్లు. ఇంకుడు గుంత తీసి అందులోకి పైపు దించితే మీ బోరూ మా బోరూ రెండూ బతుకుతాయి. తడి చెత్త విడిగా ఒక బకెట్‌లో పెట్టండి, వారానికి రెండుసార్లు మేమే వచ్చి తీసుకుపోతాం. మా బండి దగ్గర కూరగాయలు కొనకపోయినా తీసుకుపోతాం.

పంచాయతీలకు నాలుగో మాట. లేఅవుట్‌కు కాగితం ఇచ్చే ముందు ఆ జాగలో ఒర్రె ఎటు పోతుంది, బండ్లబాట ఎటు పోతుంది అని గ్రామసభలో పెట్టి అడగండి. పాత నక్షాలో ఉన్న బాట మూసేస్తే ఆ ఒక్క బాటతో పాటు వెనక ఉన్న యాభై ఎకరాలు పోతాయి. బంచరాయిలో ఇంకేమీ కట్టకుండా మేతకు వదిలేయండి.

ఇక మన రైతులకు. మీ దగ్గరికి బయానా పట్టుకుని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. అమ్మాలా వద్దా అనేది మీ ఇంటి అవసరం, నేను చెప్పేవాడిని కాదు. అమ్మాల్సి వస్తే ఒర్రె పక్క భూమి, బోరున్న భూమి చివరికి ఉంచుకోండి. కొంతైనా మిగుల్చుకుంటే ఐదు కిలోమీటర్ల లోపల ఎంతమంది మనుషులు ఉన్నారో, వాళ్లు ఏం తింటారో ఒక్కసారి తిరిగి చూసి పంట పెట్టండి. పత్తి, మొక్కజొన్న ఎక్కడైనా పండుతాయి. కోసిన గంటకే ఇంటికి చేరే తోటకూర పట్నం అంచున ఉన్న మనకే సాధ్యం.

భోగాపురం దిక్కు, అమరావతి చుట్టుపక్కల ఉన్న అన్నలు కూడా మా వీడియోలు చూస్తారని తెలుసు. మీ దగ్గర కడీలు ఇప్పుడిప్పుడే పడుతుండొచ్చు. మా ఊళ్లకన్నా మీకు కొన్నేళ్ల టైము ఎక్కువ ఉంది. ముందు మీ ఊరి బండ్లబాటలు, ఒర్రెలు నక్షాలో ఎక్కడున్నాయో చూసుకుని, ఆ కాగితాల నకళ్లు తీసి పెట్టుకోండి. తర్వాత అవే అక్కరకొస్తాయి.

మీ ఊళ్లో ఎన్ని వెంచర్లు ఉన్నాయి, వాటిలో ఎన్ని ఇళ్లు లేచాయి, ఖాళీ ప్లాట్లలో ఎవరైనా పంట పెట్టారా, పెడితే ఓనర్లను ఎట్ల ఒప్పించారు? కింద రాయండి. మంచి ఉదాహరణ ఉంటే నేనే వచ్చి వీడియో తీస్తాను. వచ్చే వారం కడీల నడుమ అలసంద చల్లిన ప్లాట్ల వీడియో పెడుతున్నా. విత్తనం ఎంత పట్టింది, ఖర్చు ఎంత, మేత ఎంత వచ్చింది, అన్నీ అందులో చెప్తాను.

ఉంటాను మరి. జై కిసాన్.